2002 పోర్షే బాక్‌స్టర్ ఎస్: కొనే ముందు ఏమేం చూడాలి?

ప్లేనోవాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. హ్యూస్టన్‌లో 2002 మోడల్ బాక్‌స్టర్ ఎస్ ఒకటి అమ్మకానికి ఉంది. 3.2 లీటర్ ఇంజిన్, 6 గేర్ల మాన్యువల్, 78,400 మైళ్లు తిరిగింది. ఇప్పుడు అమ్ముతున్నాయన మూడో ఓనరు. 15,500 డాలర్లు చెబుతున్నారు. పెయింట్, లోపలి లెదర్ ముచ్చటగా ఉన్నాయి. గత 3 ఏళ్లలో 1,900 మైళ్లే నడిపారట. సర్వీసు కాగితాలు 2014 నుంచి ఉన్నాయి, అంతకు ముందువి లేవు. క్లచ్ ఫ్యాక్టరీదే అంటున్నారు. ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి మధ్య షాఫ్ట్‌ను మోసేది) మార్చినట్టు ఎక్కడా బిల్లు లేదు.

ఆ బేరింగ్ నిజంగా అంత ప్రమాదమా? బండి విప్పకుండా దాని సంగతి తెలుసుకునే దారి ఉందా? మెకానిక్‌తో తనిఖీ చేయిస్తే ఫలానావి చూడమని ఏం చెప్పాలి? ఇంకో మాట, మూడు నాలుగేళ్లలో హైదరాబాద్ తిరిగి వెళ్లే ఆలోచన ఉంది. అప్పుడు బండిని వెంట తీసుకెళ్లొచ్చా?

ఫ్లాట్‌సిక్స్ జవాబు:

పెయింట్, లెదర్ సంగతి పక్కన పెట్టండి. ఈ కారులో డబ్బు తినేది ఇంజినే, అది పైనుంచి కంటికి కనిపించదు. సీట్ల వెనకాల మధ్యలో ఉంటుంది, బోనెట్ ఎత్తి చూడ్డానికి ముందూ వెనకా ఉన్నవి డిక్కీలే. కాబట్టి లిఫ్ట్ ఎక్కించకుండా ఈ బండిని చూసినట్టు లెక్క కాదు.

ముందు బేరింగ్ సంగతి. ఈ కారులోని ఎం96 రకం ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) నేరుగా క్యామ్‌షాఫ్టుల్ని (వాల్వుల్ని తెరిచి మూసేవి) తిప్పదు. మధ్యలో ఇంకో షాఫ్ట్ ఉంటుంది. క్రాంక్ నుంచి దానికి ఒక చైన్, దాన్నుంచి రెండు వైపుల క్యామ్‌లకు వేరే చైన్లు. ఆ మధ్య షాఫ్ట్‌ను ఫ్లైవీల్ వైపు చివర మోసేదే ఐఎంఎస్ బేరింగ్. అది గ్రీజు నింపి సీల్ వేసిన బాల్ బేరింగ్. ఏళ్లు గడిచే కొద్దీ సీల్ గట్టిపడి, వేడి ఆయిల్ లోపలికి దిగి గ్రీజును కడిగేస్తుంది. గ్రీజేమో పోయింది, కొత్త ఆయిల్ ధారాళంగా లోపలికి రావడానికి సీల్ అడ్డం. లోపల చిక్కుకున్న పాత ఆయిల్‌తోనే బాల్స్ తిరుగుతూ అరుగుతాయి. షాఫ్ట్ ఊగిన రోజున చైన్ల టైమింగ్ తప్పుతుంది, వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఆ తర్వాత మిగిలేది రిపేరు కాదు, ఇంకో ఇంజిన్ వెతుక్కోవడమే.

1997 నుంచి 1999 దాకా వచ్చిన బాక్‌స్టర్లలో రెండు వరసల బేరింగ్ ఉంటుంది, అది కాస్త గట్టిది. 2000, 2001 మోడళ్లలో రెండు రకాలూ కనిపిస్తాయి. మీది 2002 కాబట్టి ఒకే వరస. ఎక్కువగా చెడిపోయేది ఇదే. అలాగని ప్రతి బండిలోనూ పోతుందని కాదు, చాలా బండ్లు లక్ష మైళ్లు దాటి తిరుగుతున్నాయి. దీని మీద అమెరికాలో నడిచిన క్లాస్ యాక్షన్ కేసు (ఓనర్లందరి తరఫున ఉమ్మడిగా వేసింది) 2013లో రాజీతో ముగిసింది. దానికి వయసు, మైళ్ల పరిమితులు ఉండేవి. ఇప్పుడు మీకు అటునుంచి పైసా రాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

బేరింగ్ మార్చాలంటే గేరుబాక్సు దించాలి, క్లచ్, ఫ్లైవీల్ విప్పాలి. అందుకే క్లచ్‌తో కలిపి చేయిస్తారు, లేబర్ ఒక్కసారితో పోతుంది. బేరింగ్, క్లచ్ సెట్, వెనక మెయిన్ సీల్ (క్రాంక్ చివర ఆయిల్ కారకుండా ఆపేది) కలిపి బయటి పోర్షే మెకానిక్ దగ్గర సుమారు 3,500 నుంచి 5,000 డాలర్లు అనుకోండి. ఫ్యాక్టరీ క్లచ్‌తో 78,000 మైళ్లు తిరిగిన బండి ఎలాగూ ఆ పనికి దగ్గర పడింది. క్లచ్ పెడల్ బరువుగా ఉంటే అరుగుదల బాగా ఉన్నట్టే, ఈ కారులో ప్లేటు అరిగే కొద్దీ పెడల్ గట్టిపడుతుంది. ఈ ఖర్చు ధరలోంచి తీసేసి మాట్లాడండి.

విప్పకుండా తెలిసే దారులు రెండున్నాయి.

ఒకటి, ఆయిల్ ఫిల్టర్. ఇది డబ్బా ఫిల్టర్ కాదు, ఇంజిన్ కింద ప్లాస్టిక్ గిన్నెలో కూర్చునే కాగితం కార్ట్రిడ్జ్. 74 మిల్లీమీటర్ల టోపీ రెంచితో గిన్నె విప్పుతారు. గిన్నెలో మిగిలిన ఆయిల్‌ను పారబోయకుండా శుభ్రమైన ట్రేలో వంచమనండి. కార్ట్రిడ్జ్‌ను కత్తితో కోసి, కాగితాన్ని మడతలు విప్పి పొడుగ్గా పరిచి, ఎండలో వాల్చి చూడాలి. ప్రతి మడత అడుగునా వేలితో రాసి చూడాలి. మెరిసే నలుసులు కనిపిస్తే, పాలిథిన్ సంచిలో చుట్టిన అయస్కాంతం దగ్గర పెట్టండి. అతుక్కుంటే ఇనుము, అంటే బేరింగ్ మీదే మొదటి అనుమానం. అతుక్కోకపోతే అల్యూమినియం కావచ్చు. నల్లటి రబ్బరు పొరల్లాంటివి ఉంటే బేరింగ్ సీల్ చిరుగుతున్నట్టు. గోధుమరంగు ప్లాస్టిక్ పెళుసులైతే చైన్లు ఆనుకునే ప్యాడ్లవి. ఇనుము కనిపించిన బండిని ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి. ఆ ముక్కలు అప్పటికే ఇంజిన్ అంతా తిరిగి ఉంటాయి, కొత్త బేరింగ్ వేసినా లాభం ఉండదు.

ఒక జాగ్రత్త. అమ్మడానికి ముందు ఆయిల్ మార్చి ఉంటే ఫిల్టర్ శుభ్రంగానే ఉంటుంది, దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. చివరి ఆయిల్ మార్పు ఎప్పుడో, ఆ తర్వాత ఎన్ని మైళ్లు తిరిగిందో ముందే అడగండి. కొత్త ఆయిల్ అయితే అడుగు పాన్ విప్పించండి, బరువైన ముక్కలు అక్కడ దిగి ఉంటాయి.

రెండోది, క్యామ్‌షాఫ్ట్ డీవియేషన్, అంటే క్యామ్‌షాఫ్ట్ ఉండాల్సిన చోటు నుంచి ఎన్ని డిగ్రీలు తప్పిందో. డ్యూరామెట్రిక్ లాంటి పోర్షే స్కానర్ ఉన్నవాళ్లు ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో చదవగలరు. ఇంజిన్ రెండు వైపులా ప్లస్ 6, మైనస్ 6 డిగ్రీల మధ్యలో ఉండాలి. అంకె ఎంతుందన్నది ఒక ఎత్తు, నిలకడగా ఉందా అన్నది ఇంకో ఎత్తు. నిలవకుండా గెంతుతుంటే షాఫ్ట్ కదులుతోందని అనుమానించాలి.

ఇక ఏఓఎస్, అంటే ఇంజిన్ లోపలి గాలి నుంచి ఆయిల్‌ను వేరు చేసే భాగం. లోపలి పొర చిరిగితే ఆయిల్ ఇన్‌టేక్‌లోకి పోయి, స్టార్ట్ చేయగానే దోమల మందు కొట్టినట్టు తెల్లటి పొగ వెనకంతా కమ్మేస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా వెనక డిక్కీలోని ఆయిల్ మూత తీసి చూడండి. లోపలికి గట్టిగా లాగి పట్టినట్టుండి మూత రావడమే కష్టమైతే అనుమానమే. మెకానిక్ మానోమీటర్ పెడితే సుమారు 5 అంగుళాల నీటి వ్యాక్యూమ్ చూపాలి, 7 దాటితే మార్చాల్సిందే. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున ఒక చిన్న పొగ వదిలితే మాత్రం భయపడకండి. సిలిండర్లు పడుకుని ఉండే ఇంజిన్ ఇది, కాస్త ఆయిల్ లోపల నిలుస్తుంది.

వాటర్ పంపు ఇంపెల్లర్ ప్లాస్టిక్‌ది. ముక్కలు విరిగితే కూలెంట్ దారుల్లో ఇరుక్కుని సిలిండర్ హెడ్ ఒక మూల వేడెక్కి పగులుతుంది. 60,000 మైళ్లకు మార్చిన బిల్లు ఉందేమో చూడండి. కూలెంట్ డబ్బా వెనక డిక్కీలో ఉంటుంది, దానికి పగుళ్లు మామూలే. డబ్బా కింద కార్పెట్ ఎత్తి తడి, ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి మరక ఉందేమో చూడండి. ఆయిల్ పోసే గొట్టం మూత కింద కాస్త మీగడలా కనిపిస్తే అది తక్కువ దూరాలు నడపడం వల్ల పట్టిన చెమ్మే. డిప్‌స్టిక్ మీద కూడా అదే కనిపిస్తే మాత్రం కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోంది, వదిలేయండి.

ముందు బంపర్ నోళ్లలోకి టార్చి వేసి చూడండి. ఎస్‌లో మూడు రేడియేటర్లు. వాటికీ ఏసీ కండెన్సర్లకూ మధ్య ఎండుటాకులు పేరుకుని, తడి పట్టి, అల్యూమినియాన్ని తినేస్తాయి.

ఇంజిన్, గేరుబాక్సు కలిసే చోట ఒకటి రెండు ఆయిల్ చుక్కలుంటే అది వెనక మెయిన్ సీల్ లీకు. ప్రాణం మీదికి రాదు, క్లచ్ పనిలో సరిచేస్తారు.

గేర్‌లెక్క జవాబు:

ఫ్లాట్‌సిక్స్ గారు చెప్పినవాటికి ఓవర్ రెవ్ రిపోర్టు (ఇంజిన్‌ను హద్దు మీరి తిప్పిన లెక్క) కలపండి. దీన్ని వదిలేసి మాన్యువల్ పోర్షే ఎవరూ కొనకూడదు. ఇంజిన్ కంప్యూటర్ రెండు లెక్కలు రాసి పెట్టుకుంటుంది. రేంజ్ 1 అంటే యాక్సిలరేటర్ తొక్కి లిమిటర్ (ఇంజిన్ వేగాన్ని ఒక హద్దు దగ్గర ఆపేది) దాకా తీసుకెళ్లడం, దానివల్ల పెద్ద నష్టం లేదు. రేంజ్ 2 అంటే లిమిటర్‌ను కూడా దాటడం. వేగంగా వెళ్తూ 5 నుంచి 4కి వేయబోయి పొరపాటున 2 వేస్తే చక్రాలే ఇంజిన్‌ను బలవంతంగా తిప్పుతాయి, లిమిటర్ ఏమీ చేయలేదు. వాల్వు స్ప్రింగులు, బోల్టులు దెబ్బతినేది అప్పుడే.

అంకెల్ని ఇలా చదవాలి. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టుకు 3 సార్లు మండుతుంది. 7,200 ఆర్‌పీఎం అంటే సెకనుకు 120 చుట్లు, అంటే 360 మంటలు. రిపోర్టులో 360 అని ఉంటే ఒక్క సెకను. పక్కనే అది చివరిసారి జరిగిన ఇంజిన్ గంట (అప్పటికి ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో) కూడా ఉంటుంది, నాకు ముఖ్యం అదే. రేంజ్ 2 జరిగి 1,000 గంటలు గడిచి ఇంజిన్ బాగానే నడుస్తుంటే దాటేసినట్టే. నిన్న మొన్న జరిగి ఉంటే కొనకండి.

అదే పేజీలో మొత్తం ఇంజిన్ గంటలు ఉంటాయి. మైళ్లను గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. ఊళ్లోనూ హైవే మీదా కలిపి నడిపిన బండికి 25 నుంచి 35 మధ్య వస్తుంది. 15 లాంటి అంకె వస్తే ఓడోమీటర్ మీద చెయ్యి పడిందేమోనని కాగితాలతో సరిచూసుకోండి.

ఓబీడీ రెడీనెస్ మానిటర్లు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపేవి) కూడా చూడమనండి. చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు కానీ మానిటర్లు చాలావరకు పూర్తి కాలేదంటే, కోడ్లు ఈమధ్యే చెరిపారు లేదా బ్యాటరీ తీశారు. 100 మైళ్లు నడిపాక మళ్లీ చదవాలి.

బండి చూడ్డానికి వెళ్లే ముందు "ఇంజిన్ చల్లగా ఉండాలి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ఫోన్లోనే చెప్పండి. ఆగకుండా ఉండే గట్టి టక్ టక్ శబ్దం, మొదటి పొగ, చైన్ల గలగల, అన్నీ చల్లటి స్టార్ట్‌లోనే బయటపడతాయి. తర్వాత 2వ గేరులో గట్టిగా తొక్కి ఒక్కసారిగా కాలు తీయండి. గేరు తనంతట తాను న్యూట్రల్‌లోకి జారితే గేరుబాక్సు విప్పే పని.

పోర్షే 911 కార్ల గురించి చదివి సైలెన్సర్ గొట్టాల్లో ఏ వైపు మసి ఎక్కువో చూస్తుంటారు కొందరు. ఈ కారులో రెండు వైపుల పొగ గొట్టాలూ ఒకే సైలెన్సర్‌లోకి వచ్చి మధ్యలోంచి బయటికి పోతాయి, ఆ పరీక్ష పనికిరాదు. సిలిండర్ గోడల మీద గీతలు పడ్డాయేమోనని అనుమానముంటే ప్లగ్ రంధ్రాల్లోంచి ఎండోస్కోప్ (సన్నటి కెమెరా) వేయించండి. 3.2లో ఆ జబ్బు పెద్ద 911 ఇంజిన్లలో వచ్చినంత తరచుగా రాదు. అయినా ప్లగ్గులు విప్పినప్పుడు చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. కాయిల్స్ మీద సన్నటి పగుళ్లు కూడా అప్పుడే కనిపిస్తాయి.

గల్ఫ్‌తీరం జవాబు:

హ్యూస్టన్ బండి అన్నారు కాబట్టి నీళ్ల సంగతి నేను చెబుతాను. 2017 హార్వీ తుపానులో అక్కడ లెక్కలేనన్ని కార్లు మునిగాయి. టైటిల్ (యాజమాన్య పత్రం) శుభ్రంగా ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. సీటు బెల్టును పూర్తిగా చివరిదాకా బయటికి లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆఖరి అడుగు దగ్గర అడ్డంగా మట్టి గీత ఉంటే బండి మునిగిందని అర్థం. సీటు పట్టాల కింద బోల్టుల తుప్పు, ముందు డిక్కీ మూలల్లో ఒండ్రు కూడా చూడండి.

మునగకపోయినా ఈ కారుకు ఇంటి దగ్గరే నీటి గండం ఉంది. టాప్ మడిచే చోట రెండు పక్కలా నీళ్లు కిందికి పోయే కన్నాలుంటాయి. ఆకులు అడ్డుపడితే వాన నీళ్లు క్యాబిన్‌లోకి దిగుతాయి. ఎడమ సీటు కింద, కార్పెట్ మట్టంలో, ఇమ్మొబిలైజర్ కంట్రోల్ బాక్సు ఉంటుంది. అది తడిస్తే తాళం గుర్తుపట్టదు, బండి స్టార్ట్ కాదు, కొత్తది కోడింగుతో కలిపి 1,000 డాలర్లు దాటొచ్చు. కార్పెట్ పైన ఆరిపోయి ఉంటుంది, కింద స్పాంజి మాత్రం నెలల తరబడి తడిగానే ఉంటుంది. వేళ్లు సీటు కిందికి పోనిచ్చి స్పాంజిని నొక్కి చూడండి, తర్వాత వేళ్లు వాసన చూడండి. ఆ తర్వాత అర లీటరు నీళ్లు మెల్లగా కన్నం దగ్గర పోసి, వెనక చక్రం ముందు నేల మీద పడుతున్నాయో లేదో చూడండి.

టాప్‌ను రెండు మూడుసార్లు వేసి తీయించండి. సుమారు 12 సెకన్లలో రెండు పక్కలా సమానంగా కదలాలి. ఒక పక్క వెనకబడితే కేబుల్ గానీ, ప్లాస్టిక్ బాల్ కప్పు గానీ పోయింది. ఆ స్థితిలో బలవంతంగా నడిపితే ఫ్రేము వంగుతుంది. 2002 దాకా వెనక కిటికీ ప్లాస్టిక్‌ది, గాజు 2003లో వచ్చింది. మడత పడే గీత దగ్గర పసుపు తిరిగి పెళుసెక్కి ఉంటే త్వరలో చీలుతుంది.

చార్మినార్‌రోడ్ జవాబు:

హైదరాబాద్ ఆలోచన ఇప్పుడే మానుకోండి తమ్ముడూ. ఇండియాలోకి పాత కారు తేవాలంటే తయారై 3 ఏళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఈ బండికి రెండూ కుదరవు. వెళ్లేటప్పుడు అక్కడే అమ్ముకోవాలి, కాబట్టి చేయించిన ప్రతి పనికీ బిల్లు దాచండి. రేపు మీ దగ్గర కొనేవాళ్లూ ఇవే ప్రశ్నలు అడుగుతారు.

ప్లేనోవాసి మళ్లీ రాశారు:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. తనిఖీ చేయించాను, రిపోర్టు ఇది.

మొత్తం ఇంజిన్ గంటలు 2,710. రేంజ్ 1: 1,450, చివరిసారి 2,655వ గంటలో. రేంజ్ 2: 62, చివరిసారి 1,210వ గంటలో. డీవియేషన్ ఒక వైపు మైనస్ 3.1, రెండో వైపు మైనస్ 5.4, రెండూ నిలకడగానే ఉన్నాయి. ఆయిల్ మార్చి 14 నెలలు, 900 మైళ్లు. ఫిల్టర్‌లో అయస్కాంతానికి అంటేది ఏదీ లేదు, గోధుమరంగు నలుసులు రెండు ఉన్నాయి. ఏఓఎస్ 5.2 అంగుళాలు. ముందు బ్రేకు డిస్కులు 27 మిల్లీమీటర్లు, వెనకవి 22.3. టైర్ల మీద 1816 అని ఉంది. స్పాంజి పొడిగా ఉంది. బండి గుర్తింపు సంఖ్య (విన్ నంబర్)లో సీబీ298 ఉంది.

గేర్‌లెక్క జవాబు:

78,400ని 2,710తో భాగిస్తే 29. ఓడోమీటర్ నిజమే చెబుతోంది. రేంజ్ 1లో 1,450 అంటే 4 సెకన్లు. రేంజ్ 2లో 62 అంటే సెకనులో ఆరో వంతు, అదీ 1,500 గంటల కిందట. 29 లెక్కన ఆ తర్వాత బండి 43,500 మైళ్లు తిరిగింది, ఆ పొరపాటు వల్ల పోవాల్సినదేదైనా ఉంటే ఈపాటికి పోయేది. సీబీ298 అంటే అసలైన ఎస్, మామూలు బాక్‌స్టర్‌కు సీఏ298 ఉంటుంది.

ముందు డిస్కుల కనీస మందం 26, ఇంకా మిగిలి ఉంది. వెనకవాటికి 22, అంటే బ్రేకు ప్యాడ్లతో పాటు మార్చేయాలి.

ఫ్లాట్‌సిక్స్ జవాబు:

డీవియేషన్ 5.4 హద్దులోనే ఉంది గానీ హద్దు అంచున ఉంది. ఫిల్టర్‌లోని గోధుమ నలుసులు కూడా అదే మాట చెబుతున్నాయి: ఆ వైపు చైన్ ప్యాడ్ అరుగుతోంది. 2002 ఇంజిన్ 5 చైన్ల రకం, దీనికి ఇది తెలిసిన జబ్బే. ప్యాడ్ చిన్న ప్లాస్టిక్ ముక్క, ఖరీదు తక్కువ. దాని దాకా చేరాలంటే క్యామ్ కవర్ విప్పాలి, డబ్బు పోయేది ఆ లేబర్‌కే. ఈరోజే చేయించాలని లేదు. 5,000 మైళ్లకు ఒకసారి ఆయిల్ మార్చినప్పుడల్లా డీవియేషన్ చదివించి రాసుకోండి. 6 దగ్గరికి వస్తే వాయిదా వేయకండి, చేయించేయండి. ప్యాడ్ పని అయ్యేదాకా బేరింగ్ జోలికీ వెళ్లొద్దని కొందరు మెకానిక్‌లు అంటారు, ఎందుకంటే బేరింగ్ మార్చాక క్యామ్ టైమింగ్ సరిచూసుకోవడానికి ఈ అంకెలే ఆధారం. ఒకే షాపులో రెండూ కలిపి ధర అడగండి. గేరుబాక్సు దించినప్పుడు బేరింగ్ మధ్యలోని నట్టు 13 మిల్లీమీటర్లదా 22దా చూడమనండి. 22 అయితే ఎప్పుడో ఇంజిన్ మార్చారని, అందులో పెద్ద బేరింగ్ ఉందని అర్థం. అది ఇంజిన్ రెండుగా విప్పితే తప్ప రాదు, దాన్ని కదిలించొద్దు.

తక్కువ తిరగడం మంచిదా అంటే, ఈ ఇంజిన్‌కు కాదు. 3 ఏళ్లలో 1,900 మైళ్లంటే బేరింగ్ ఎక్కువ కాలం పాత ఆయిల్‌లో, చెమ్మలో నానింది. అప్పటి ఫ్యాక్టరీ షెడ్యూల్ 15,000 మైళ్లకు ఒక ఆయిల్ మార్పు అనేది, దాన్ని పట్టించుకోవద్దు. కొన్నాక వారానికి ఒక్కసారైనా అరగంట వేడెక్కేలా నడపండి.

ధర విషయం. క్లచ్, బేరింగ్‌కు 4,000, ప్యాడ్ పనికి కనీసం 2,000, వెనక బ్రేకులకు 500, టైర్లకు 900 అనుకున్నా 7,400. ఆయన అంతా తగ్గించరు. నేనైతే 10,500 దగ్గర మొదలుపెట్టి 11,500 దాకా వెళ్తాను. బేరం కుదరకపోయినా ఈ రిపోర్టు ఒక కాపీ ఆయనకు ఇవ్వండి, ఆయనకూ ఉపయోగమే.

కొంటే మాత్రం ఆ టైర్లతో ప్లేనో దాకా నడపకండి. 1816 అంటే 2016లో 18వ వారం తయారీ. గాడి లోతుగానే ఉన్నా రబ్బరు లోపల ఎండిపోయి ఉంటుంది, 75 మైళ్ల వేగంలో 240 మైళ్ల ఐ-45 రోడ్డు మీద వేడికి పొర ఊడుతుంది. ముందు 205/50 ఆర్17, వెనక 255/40 ఆర్17. హ్యూస్టన్‌లోనే నాలుగూ వేయించి, ఆయిల్, ఫిల్టర్ మార్పించి బయల్దేరండి. ఆ ఫిల్టర్‌ను పారేయనివ్వకుండా సంచిలో వేసి ఇంటికి తెచ్చుకుని, తర్వాతి ఫిల్టర్ పక్కన పరిచి పోల్చండి.